చుట్టకు దారం, సిగార్‌కు పట్టెడ: పొగాకు పెట్టె మన చేత ఏం కొనిపిస్తుంది?

మొన్న సంక్రాంతికి మా చిన్నాన్న కొడుకు దుబాయ్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో ఒక సిగార్ల పెట్టె తెచ్చాడు. కోనసీమలో ఇది పెద్ద వింతేమీ కాదు. గల్ఫ్ నుంచి దిగే సూట్‌కేసులో ఖర్జూరం, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు ఎలాగూ ఉంటాయి. పండగకో పెళ్ళికో అప్పుడప్పుడు ఇదీ వస్తుంది. పెట్టె అరుగు మీదికి రాగానే ఎదురింటి తాతగారు వచ్చి కూర్చున్నారు. అరవై ఏళ్ళుగా లంక పొగాకు చుట్ట తప్ప ఇంకోటి ముట్టని మనిషి. ఒక సిగార్ చేతిలోకి తీసుకుని, దాని మెడ దగ్గరున్న బంగారు రంగు కాగితాన్ని గోటితో గీకి చూసి, ధరెంత అని అడిగారు. చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇందులో ఆకెంత, అట్టెంత రా?" అన్నారు.

అందరం నవ్వేశాం గానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. సిగార్ ధరలో పొగాకు వాటా ఎంత, కాగితం పట్టీ, చెక్కపెట్టె, ముద్రల వాటా ఎంత? ఆ కాగితం కొనేవాడికి నిజం చెబుతోందా, లేక కళ్ళు కప్పుతోందా? దీని మీద కంపెనీలు, ప్రభుత్వాలు, డాక్టర్లు ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు. గొడవ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా కూడా వెళ్ళింది. ఇక్కడ ఒక్కొక్క ముడే విప్పి చూద్దాం.

చుట్ట ఏది, సిగార్ ఏది, పట్టెడ ఏది

ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలి, గౌతమి, వశిష్ఠ అని పేర్లు మార్చుకుని సముద్రం దాకా పోతుంది. మధ్యలో ఇసుక, ఒండ్రు మేటలు వేసి ఏర్పడినవే లంకలు. వరద తీశాక ఆ ఒండ్రులో పండే పొగాకుకే లంక పొగాకు అని పేరు. బాగా ఘాటు. చుట్టలకు పేరుపడ్డ ఆకు అదే. దేశంలో పొగాకు మీద పరిశోధనకు 1947లో కేంద్ర సంస్థను రాజమండ్రిలో పెట్టారంటే ఈ ప్రాంతానికీ ఈ పంటకూ ఉన్న సంబంధం తెలుస్తుంది.

ఆకును చుట్టితే చుట్ట. ఇంగ్లిష్‌లో 'చెరూట్' అనే మాట తమిళ 'సురుట్టు' నుంచి వెళ్ళింది. దాని అర్థం కూడా ఇదే. చెరూట్‌కు రెండు కొసలూ కోసి ఉంటాయి. సిగార్‌కు నోట్లో పెట్టుకునే కొస మూసి ఉంటుంది. కాల్చే ముందు దాన్ని కత్తిరించుకోవాలి. సిగార్‌లో మూడు పొరలు ఉంటాయి. లోపల కూరిన ఆకు ఫిల్లర్. దాన్ని పట్టి ఉంచే ఆకు బైండర్. పైన కంటికి కనబడే నున్నటి ఆకు రేపర్. ఘాటు చాలావరకు లోపలి ఆకుదే. అందం, కొంత వాసన, కొంత రుచి పై ఆకువి.

ఇక బ్యాండు. సిగార్ తల దగ్గర ఉంగరంలా చుట్టిన కాగితం పట్టీ అది. ఉండేది నడుముకు కాదు, మెడ దగ్గర. అందుకే నేను దీన్ని పట్టెడ అంటున్నాను. వడ్డాణం అనడానికి మనసు ఒప్పుకోలేదు. బ్యాండుతో పాటు సెలోఫేన్ తొడుగు, అల్యూమినియం గొట్టం, చెక్కపెట్టె, పెట్టె మూత లోపల అతికించే రంగుల బొమ్మ, అంచున అంటించే ప్రభుత్వ ముద్ర, ఇవన్నీ కలిస్తే ప్యాకేజింగ్.

మన చుట్టల కట్టకు వీటిలో ఏదీ లేదు. ఉన్నది దారం. బాగా పేరుపడ్డ సరుకైతే కట్ట చుట్టూ ఒక కాగితం చీటీ.

పట్టెడ ఎందుకు పుట్టింది

రెండు కథలు చెబుతారు. రష్యా మహారాణి క్యాథరిన్ తన వేళ్ళకు పొగాకు మరక అంటకుండా సిగార్లకు పట్టు గుడ్డ చుట్టించేదట. వినడానికి బాగుంటుంది, అంతకు మించి నమ్మాల్సిన పని లేదు. రెండోది కాస్త నమ్మదగ్గది. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నుంచి క్యూబా వెళ్ళి సిగార్ల వ్యాపారం పెట్టిన గుస్టావ్ బాక్, తన సరుకు పేరుతో ఐరోపాలో నకిలీలు అమ్ముడవుతున్నాయని ప్రతి సిగార్‌కూ తన పేరున్న కాగితం ఉంగరం తొడిగించాడంటారు. మిగతావాళ్ళు అదే దారి పట్టారు.

ఈ కథ మనకు కొత్తది కాదు. బీడీ కట్టల మీద, నశ్యం డబ్బాల మీద యజమాని ఫొటో, కింద "నకిలీలను చూసి మోసపోకండి" అన్న హెచ్చరిక ఎన్ని చూడలేదు? కోటు వేసుకుని, బొట్టు పెట్టుకుని, గంభీరంగా చూసే ఆ మీసాల పెద్దమనిషి, క్యూబాలో ఆ బంగారు ఉంగరం, రెండూ ఒకే పనికి పుట్టాయి. తయారుచేసినవాడు కొనేవాడికి ఎదురుగా లేనప్పుడు అతని బదులు మాట్లాడేది కాగితమే.

నకిలీల గోల ఎంత పెద్దదంటే, స్పెయిన్ ఏలుబడిలో ఉండగానే, 1889 నుంచే క్యూబా సిగార్ల పెట్టెలకు హామీ ముద్ర వేసేవారు. స్వతంత్రం వచ్చాక 1912లో క్యూబా దాన్ని చట్టంతో కొనసాగించింది. ఆకుపచ్చ రంగులో, చూస్తే కరెన్సీ నోటులా ఉంటుంది. ఈ కాలంలో దానికి హోలోగ్రామ్, బార్‌కోడ్ కూడా చేరాయి.

అదే కాలంలో రాతి అచ్చు మీద రంగులు అద్దే లిథోగ్రఫీ పెరిగింది. కిరీటాలు, పతకాలు, సింహాలు, ఖర్జూరపు చెట్లు, నవ్వే సుందరాంగులు, అన్నీ పెట్టెల మీదికి ఎక్కాయి. దొంగను ఆపడానికి పెట్టిన కాగితం ఆ తర్వాత కొనేవాణ్ణి పిలవడం మొదలుపెట్టింది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే కాగితం రెండు పనులూ చేస్తుంది, ఏ పని ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేం.

కన్ను, ముక్కు, చెవి చేసే పనిని కాగితం చేయడం

ఎదురింటి తాతగారు చుట్టలు కొనడం చిన్నప్పుడు చూశాను. కట్ట తీసుకుని ముందు వాసన చూస్తారు. ఒక చుట్టను రెండు వేళ్ళ మధ్య మెల్లగా నొక్కుతారు. మరీ గట్టిగా ఉంటే పొగ రాదు, మరీ మెత్తగా ఉంటే ఊరికే కాలిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో దొర్లిస్తారు. గలగలమంటే ఎండిపోయినట్టు. ఈనె సరిగా తీశారా, పై ఆకుకు చిల్లులున్నాయా చూస్తారు. ఇంత చేశాక బేరం.

సీలు వేసిన పెట్టె దగ్గర ఇదేమీ కుదరదు. మనం కొనే వస్తువుల్లో కొన్ని గుణాలు కొనకముందే తెలుస్తాయి, కొన్ని వాడాక తెలుస్తాయి, కొన్ని వాడినా తెలియవు. సిగార్ పొడవు, లావు మొదటి రకం. లావును అంగుళంలో 64వ వంతుల లెక్కన కొలుస్తారు. 50 అంటే అంగుళంలో 64కి 50 వంతుల మందం. రుచి, పొగ ఆడే తీరు రెండో రకం. ఆకు ఏ ఊళ్ళో పండింది, ఎన్నేళ్ళు మగ్గింది అన్నవి మూడో రకం. కాల్చి చూసినా మామూలు మనిషికి తేలవు. బ్యాండు ముఖ్యంగా మాట్లాడేది ఈ మూడో రకం గురించే. మనం సరిచూడలేని చోటే దాని మాటకు బలం ఎక్కువ.

పై ఆకు రంగు విషయం చూడండి. లేత రంగును క్లారో, ముదురు రంగును మడూరో అంటారు. ముదురుగా ఉంటే ఘాటు ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి రంగు ముదరడం ఆకు మొక్క మీద ఏ ఎత్తులో కోశారు, ఎంతకాలం మగ్గబెట్టారు అనే వాటి వల్ల. మడూరో ఆకు కాస్త తియ్యగా ఉండటమూ మామూలే. ఘాటు మాత్రం లోపలి ఆకును బట్టి ఉంటుంది. అయినా నలుపు మీద బంగారు అక్షరాల పట్టెడ వేస్తే కొనేవాడికి "ఇది గట్టి సరుకు" అనే తోస్తుంది. పట్టెడ అబద్ధం ఆడలేదు. కొనేవాడి మనసులో అంతకుముందే ఉన్న నమ్మకానికి తాళం వేసిందంతే.

కళ్ళు నాలుకను ఇలా నిజంగా మార్చగలవా? 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చువేశారు. కొంతమందికి వైన్ రుచి చూపిస్తూ ఒక్కొక్క దాని ధర చెప్పారు. ఉన్నవి మూడు రకాలే గానీ, ఐదు అని చెప్పారు. ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లని, ఇంకోసారి 90 డాలర్లని ఇచ్చారు. 90 అన్నప్పుడు అది ఎక్కువ నచ్చిందన్నారు. అంతటితో ఆగలేదు. మెదడును స్కాన్ చేస్తుంటే, ఇష్టానికి సంబంధించిన భాగంలో చురుకుదనం కూడా పెరిగింది. అంటే వాళ్ళు మొహమాటానికి అన్న మాట కాదది. అయితే అది వైన్, అక్కడ మార్చినది ధర. సిగార్ పట్టెడ కూడా అచ్చు ఇంతే పని చేస్తుందని దీన్నుంచి తేల్చేయకూడదు. ముందుగా కలిగిన అంచనా రుచిలోకి కూడా దిగుతుందని మాత్రం చెప్పవచ్చు.

ఆకెంత, అట్టెంత: ఒక లెక్క

ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి, ఏ బ్రాండువీ కావు. ఒక కంపెనీ ఒకే సిగార్‌ను మూడు రకాలుగా అమ్ముతోందనుకుందాం. 25 ఉన్న చెక్కపెట్టె 20,000 రూపాయలు, అంటే ఒక్కోటి 800. గొట్టాల్లో పెట్టిన మూడు 3,000, అంటే ఒక్కోటి 1,000. రెండో పట్టెడ వేసి, "పరిమిత సంఖ్య" అని రాసిన 25 పెట్టె 30,000, అంటే ఒక్కోటి 1,200.

గొట్టానికి అదనంగా ఇచ్చేది 200. గొట్టం తేమను కాస్త కాపాడుతుంది, జేబులో నలగకుండా చూస్తుంది. కనక ఈ 200లో కొంత పనికొచ్చే ఖర్చు, మిగతాది మెరుపు. మూడోది చూడండి. ఒక్కో దానికి 400 చొప్పున పెట్టె మీద 10,000 ఎక్కువ. అందులో ఆకు మార్పు ఏమైనా ఉందా? ఉండొచ్చు. క్యూబావాళ్ళు 2000 సంవత్సరం నుంచి విడుదల చేస్తున్న పరిమిత సంఖ్య సిగార్లకు మామూలు పట్టెడ కింద నలుపు, బంగారు రంగుల ఇంకో పట్టెడ ఉంటుంది. దాని మీద సంవత్సరం వేస్తారు. వాటి పై ఆకును కనీసం రెండేళ్ళు మగ్గబెడతారు. కాబట్టి ఆ రెండో పట్టెడ ఖాళీ మాట కాదు. కాకపోతే పదివేలలో మగ్గబెట్టిన ఖర్చు ఎంత, "కొన్నే ఉన్నాయి" అన్న తొందరకు మనం కట్టిన రుసుము ఎంత అనేది కొనేవాడికి విడదీసి చూసుకునే వీలు లేదు.

ఇప్పుడు ముగ్గురు కొనేవాళ్ళను ఆ కౌంటర్ ముందు నిలబెడదాం. రోజూ కాల్చే మనిషికి పట్టెడ ఒక గుర్తు మాత్రమే. నిరుడు నచ్చినదాన్ని మళ్ళీ వెతుక్కోవడానికి. కాగితం వాడికి చేసే నిజమైన మేలు అదే. మొదటిసారి కొనేవాడికి గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేదు కనక రంగు, బరువు, ధర, పక్కవాడి చేతిలో ఏముంది, వీటి మీదే ఆధారపడతాడు. పట్టెడ ఎక్కువ నడిపించేది వీడినే. మూడో రకం మా చిన్నాన్న కొడుకు. తను కాల్చడు, ఇవ్వడానికి కొంటాడు.

ఈ మూడోవాడి లెక్క వేరు. పెళ్ళిలో చదివింపు ఎంతో మైకులో చెబుతారు. పెట్టె ధర ఎవరూ చదవరు. అందుకని పెట్టే చెప్పాలి. అందుకునేవాడు తెరవకముందే "బాగా ఖర్చు పెట్టాడు" అనుకోవాలి. ఇలా చూస్తే వాడికి అట్ట దండగ కాదు, వాడు కొన్నదే అట్ట. ఆకు అందులో ఉచితంగా వచ్చిందనుకోవచ్చు. తాతగారికి ఇలా చెబితే ఒప్పుకోరు.

ఊరి పేరే పట్టెడ అయినప్పుడు

రావులపాలెం దగ్గర హైవే మీద ఆగినవాళ్ళకు తెలుసు. పూతరేకుల దుకాణం మీద పెద్ద అక్షరాల్లో ఉండేది యజమాని పేరు కాదు, ఆత్రేయపురం. కాజా అంటే తాపేశ్వరమో కాకినాడో ఉండాలి. ఒకప్పుడు కాగితంలో పొట్లం కట్టిచ్చిన తీపి ఇప్పుడు మెరిసే పెట్టెలోకి వెళ్ళింది. పెట్టెల మీద "అసలైన" అన్న మాట ఎన్నిసార్లు కనబడితే నకిలీ అంత పెరిగిందని అర్థం. చివరికి ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక వస్తువు మంచితనం ఒక చోటి నీటి నుంచో, నేల నుంచో, చేతుల నుంచో వస్తుందని చట్టం ఒప్పుకుని, ఆ ఊరి పేరు వాడే హక్కును అక్కడివాళ్ళకు ఇవ్వడమే భౌగోళిక గుర్తింపు.

సిగార్లలో 'హవానా' అలాంటి మాట. మన 'లంక' కూడా ఒకప్పుడు అలాంటిదే. తెల్లవాళ్ళ నోట 'లంకా' అంటేనే చుట్ట అయిపోయింది. 1890 నాటి ఆర్థర్ కానన్ డాయల్ నవల 'ది సైన్ ఆఫ్ ది ఫోర్'లో షెర్లాక్ హోమ్స్, బూడిద చూసి అది ఏ పొగాకో చెప్పడం గురించి గొప్పలు పోతూ ఇండియన్ 'లంకా' పేరెత్తుతాడు. గోదావరి మేటల పేరు, పట్టెడా పెట్టే లేకుండానే, అంత దూరం వెళ్ళింది. కానీ ఆ పేరుకు కాపలా కాసే ముద్ర గానీ చట్టం గానీ ఆనాడు లేవు. హవానాకు ఉన్నాయి.

ఉన్నంత మాత్రాన చిక్కు తీరుతుందా అంటే, లేదు. కొహీబా అనే బ్రాండు క్యూబాలో 1966లో మొదలైంది. ముందు ఫిడెల్ కాస్ట్రో కోసం, విదేశీ అతిథులకు కానుకలుగా ఇవ్వడం కోసం చేసేవారు. బయటి మార్కెట్‌కు 1982లో వచ్చింది. అమెరికా అంతకుముందే, 1962లో, క్యూబా సరుకు మీద నిషేధం పెట్టింది. అమెరికాలో అదే కొహీబా పేరును వేరే కంపెనీ రిజిస్టర్ చేసుకుంది. వాళ్ళ సిగార్లు డొమినికన్ రిపబ్లిక్‌లో తయారవుతాయి, పేరు మధ్యలో ఎర్రటి చుక్క ఉంటుంది. క్యూబా దానికి పసుపు, నలుపు, తెలుపు గళ్ళ పట్టెడ. పేరు ఒకటే, ఆకు వేరు, దేశం వేరు, ధర వేరు. పేరు మాత్రమే చదివేవాడికి తేడా తెలియదు. పట్టెడను చదవడం వచ్చినవాడికి క్షణంలో తెలుస్తుంది. పట్టెడ డిజైన్ వట్టి సోకు అనేవాళ్ళకు ఇదొక జవాబు.

నకిలీ వ్యాపారం కూడా డిజైన్ మీదే బతుకుతుంది. అద్దం మూత ఉన్న పెట్టెల్లో "క్యూబా కొహీబా" అని పర్యాటకులకు అమ్మడం లోకమంతా ఉంది. క్యూబా కంపెనీ కొహీబాకు అలాంటి అద్దం పెట్టె చేయదు. కొనేవాడు మాత్రం అద్దం ఉంటే ఖరీదైనదే అనుకుంటాడు. నకిలీవాడు అసలును కాపీ కొట్టడం లేదు. అసలు ఎలా ఉంటుందని మనం ఊహించుకుంటామో దాన్ని కొడుతున్నాడు.

పెట్టె నిజంగా చేసే పని, మన ఉక్కపోతలో

అట్టంతా మాయ అనుకుంటే అదీ తప్పే. సిగార్‌కు గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. ఎండితే పై ఆకు పగులుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. గోదావరి డెల్టాలో వానాకాలం అప్పడాలే మెత్తబడిపోతాయి, పొగాకు సంగతి చెప్పేదేముంది. పైగా పురుగు. పొగాకును తొలిచే చిన్న గోధుమరంగు పురుగు వేడిలో బాగా పెరుగుతుంది. ఇంట్లో పసుపు కొమ్ములకు సన్నటి చిల్లులు పడితే, ఆ పని చేసేదీ చాలాసార్లు ఇదే. సెలోఫేన్ తొడుగు ఉంటే ఒక సిగార్‌కు పట్టిన పురుగు పక్కదానికి పోవడం కాస్త తగ్గుతుంది.

చెక్కపెట్టె సంగతి ఇంకా బాగుంటుంది. దాన్ని 'స్పానిష్ సీడర్' అంటారు గానీ అది దేవదారు జాతే కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల చెట్టు, మన వేప కుటుంబానికి చెందింది. తేమను పీల్చుకుని వదులుతుంది, దాని వాసన పురుగుకు నచ్చదు. పాతకాలంలో మనవాళ్ళు ధాన్యంలో వేపాకు వేసింది కూడా పురుగు కోసమే కదా.

కాబట్టి తాతగారి లెక్కలో అట్టను రెండుగా చీల్చాలి: ఆకును కాపాడే అట్ట, ఆకు గురించి మాట్లాడే అట్ట.

పెట్టె మీద ప్రభుత్వం కూడా మాట్లాడితే

మన దేశంలో 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, అందరూ కోట్పా అనేది, సిగరెట్లతో పాటు సిగార్లు, చెరూట్లు, బీడీలు అన్నిటికీ వర్తిస్తుంది. ప్రకటనలు నిషిద్ధం. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్యాకెట్ ముఖ్య భాగంలో 85 శాతం హెచ్చరికకే పోవాలి. అందులో 60 శాతం బొమ్మ, 25 శాతం రాత. టీవీలో, పేపర్లో, గోడ మీద చోటు పోయాక కంపెనీకి మిగిలిన ప్రకటన పెట్టె ఒక్కటే. ఇప్పుడు అందులోనూ ఎక్కువ భాగం ప్రభుత్వానిది. 85 శాతం మీద గొంతు క్యాన్సర్ బొమ్మ, హెచ్చరిక రాత ఉంటే మిగిలిన 15 శాతంలో కిరీటాలూ సింహాలూ ఏం ఇముడుతాయి? అయితే పట్టెడ పెట్టె మీద కాదు, లోపల సిగార్ మీద ఉంటుంది. పెట్టె తెరిచిన తర్వాత కూడా చేతిలో వెలుగుతూ ఉండేది అదే.

దీన్ని చివరి దాకా తీసుకుపోయింది ఆస్ట్రేలియా. 2012 డిసెంబరు 1 నుంచి అక్కడ పొగాకు పెట్టెలన్నీ ఒకే రంగు, మురికి గోధుమ. బ్రాండు పేరు అందరికీ ఒకే అక్షరాల్లో. సిగార్ పట్టెడను కూడా వదల్లేదు. ఉంటే ఒక్కటే, అదీ ఆ గోధుమ రంగులోనే. బంగారం లేదు, కిరీటం లేదు. బ్రిటన్ మాత్రం సాదా పెట్టెల నియమాన్ని సిగరెట్లకు, చుట్టుకునే పొగాకుకు పెట్టి సిగార్లను బయట ఉంచింది. ఎక్కడ గీత గీయాలన్న దాని మీద ప్రభుత్వాలకే ఏకాభిప్రాయం లేదు.

ఆస్ట్రేలియా మీద ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళినవి ఎవరంటే క్యూబా, హోండూరస్, డొమినికన్ రిపబ్లిక్, ఇండోనేసియా. మొదటి మూడూ సిగార్ దేశాలు. వాళ్ళ వాదన తీసిపారేయదగ్గది కాదు. మాది చేతిపని, మా ఊరి పేరే మా ఆస్తి, అందరికీ ఒకే గోధుమ పట్టెడ వేస్తే మంచి సరుకుకూ నాసి సరుకుకూ తేడా చూపేదెలా, అప్పుడు జనం ధర చూసే కొంటారు, చవకది గెలుస్తుంది అన్నారు. రేపు పూతరేకుల పెట్టెలన్నీ ఒకే రంగులో ఉండాలంటే ఆత్రేయపురం అడిగే ప్రశ్న కూడా ఇదే. ఆస్ట్రేలియా జవాబు: పేరు రాసుకోనిస్తున్నాం, అలంకారం తీసేశాం, తీసింది జనం ఆరోగ్యం కోసం. 2018 జూన్‌లో ప్యానెల్ ఆస్ట్రేలియా వైపు తీర్పు ఇచ్చింది. 2020 జూన్‌లో అప్పీలు కూడా వీగిపోయింది. ట్రేడ్‌మార్క్ అంటే ఇతరులను వాడకుండా ఆపే హక్కే గానీ, మనం నచ్చినట్టు వాడుకుని తీరే హక్కు కాదన్నది అందులో తేలిన ముఖ్యమైన మాట.

మరి పొగ తాగడం తగ్గిందా? 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వ సమీక్ష, 2012 డిసెంబరు నుంచి 2015 సెప్టెంబరు మధ్య తగ్గినదాంట్లో 0.55 శాతం పాయింట్లు ప్యాకేజింగ్ మార్పుల వల్ల అని లెక్కగట్టింది. విమర్శకులు ఒక లోపం చూపించారు. అదే సమయంలో హెచ్చరిక బొమ్మల సైజూ పెంచారు కాబట్టి సాదా పెట్టె వాటా ఎంత, బొమ్మ వాటా ఎంత విడదీయలేం. ఆ విమర్శలో పస ఉంది. సిగార్ల విషయంలో ఇంకో మెలిక. అక్కడి సిగార్ ప్రియులతో మాట్లాడి 2015లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, ఖరీదైన సిగార్లు తాగేవాళ్ళలో చాలామంది సాదా పెట్టెలను పెద్దగా చూడనేలేదని తేలింది. విదేశాల నుంచో డ్యూటీ ఫ్రీ నుంచో తెప్పించుకుంటారు. చవక రకాలు కొనేవాళ్ళకు మాత్రం పెట్టె ఆకర్షణ తగ్గింది. అంటే నియమం తగలాల్సిన చోట ఒక రకంగా, డబ్బున్న చోట ఇంకో రకంగా తగిలింది.

ఆరోగ్యం వైపు వాదనకు ఇంకో మొన కూడా ఉంది. "చేత్తో చుట్టినది", "సహజమైన ఆకు" లాంటి మాటలు, చెక్క వాసన, పాతకాలపు బొమ్మలు, ఇవన్నీ కలిసి సిగార్ సిగరెట్ కంటే మంచిదన్న భావన కలిగిస్తాయి. అమెరికాలో 2000 సంవత్సరంలో ఏడు పెద్ద సిగార్ కంపెనీలు ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందానికి వచ్చి పెట్టెల మీద హెచ్చరికలు వేయాల్సి వచ్చింది. అందులో ఒకటి, సిగరెట్లకు సిగార్లు సురక్షితమైన ప్రత్యామ్నాయం కావు అని. మనకు అమెరికా దాకా పోనక్కర్లేదు. కోస్తాలో, ముఖ్యంగా ఉత్తరాంధ్ర వైపు, నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్ గురించి డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తున్నారు. ఆ చుట్టకు పట్టెడ లేదు, పెట్టె లేదు, పూర్తిగా సహజమైన ఆకే.

విడి చుట్టకు ఏ కాగితమూ లేదు

ఈ గొడవంతా కాగితం ఉన్న సరుకు గురించి. కిళ్ళీ కొట్లో గాజు సీసాలోంచి తీసి విడిగా ఇచ్చే చుట్టకు బంగారు పట్టెడా లేదు, గొంతు బొమ్మా లేదు. చట్టం ప్యాకేజీ అన్నప్పుడు దానికి రేపరో, పెట్టో, డబ్బానో ఉంటుందనుకుంటుంది. దారం ముడికి 85 శాతం ఎంతో ఎవరు లెక్కగడతారు? ఆశ పెట్టే డిజైన్ లేని చోట భయపెట్టే డిజైన్ కూడా చేరడం లేదు. చేత్తో చుట్టుకుని బతికేవాళ్ళ వైపు నుంచి చూస్తే, పెట్టె అచ్చు వేయించడమంటే ఖర్చు, అది భరించగలిగేది పెద్దవాళ్ళే. కొనేవాడి వైపు నుంచి చూస్తే, హెచ్చరిక అందరికంటే తక్కువగా అందేది అందరికంటే తక్కువ ఖర్చు పెట్టేవాడికి. రెండూ నిజమే, రెండూ ఒకేసారి తీరే దారి ఇంతవరకు కనబడలేదు.

ఉంగరం తీసి కాల్చాలా, ఉంచి కాల్చాలా

ఆ రోజు అరుగు మీద తాతగారు అడిగిన రెండో ప్రశ్న ఇది. దీని మీద కూడా రెండు పక్షాలున్నాయి. పట్టెడ ఉంచి కాలిస్తే "నేనెంతది కాలుస్తున్నానో చూడండి" అని చాటుకున్నట్టని ఇంగ్లండు మర్యాదలో తీసేయమనేవారు. చాలా దేశాల్లో ఎవరూ పట్టించుకోరు. తీసేవాళ్ళు కూడా ముట్టించి కాసేపయ్యాక తీస్తారు. పట్టెడను ఆకుకు అంటించరు, కాగితం కొసను కాగితానికే చుక్క జిగురుతో అంటిస్తారు. పొగ వేడికి ఆ జిగురు కాస్త సడలుతుంది. అప్పుడు సులువుగా జారుతుంది.

ఇదంతా మా వాడు ఫోన్‌లో చదివి చెప్పేలోపే తాతగారు ఉంగరాన్ని ఒక్క లాగు లాగారు. జిగురు ఎక్కడో పై ఆకును కూడా పట్టుకున్నట్టుంది, బెత్తెడు మేర చిరిగింది. మా వాడి మొహంలో డబ్బు పోయిన బాధ కనబడింది. తాతగారు నాలుక మీద వేలు తడి చేసుకుని, చిరిగిన ఆకును మళ్ళీ చుట్టి అతికించి, కాగితాన్ని అరుగు మీద పెట్టి, అగ్గిపుల్ల గీశారు.